మధ్యలో అక్షరం మాత్రం తెలిస్తే ఇంగ్లీషు మాటని ఎట్టా పట్టుకోవాలి?

కందుకూరు నాన్న · సోమవారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మాది కందుకూరు, బట్టల కొట్టు. నేను ఇంటర్ దాకా చదివా, అదీ తెలుగు మీడియంలో. కాబట్టి తప్పులుంటే నవ్వుకోండి గానీ తిట్టొద్దు.

మా పాప ఎనిమిదో తరగతి. ఈ శనివారం వాళ్ళ బళ్ళో ఇంగ్లీషు మాటల పోటీ. స్పెల్లింగులు అప్పజెప్పేది కాదంట. అక్షరాలు వాళ్ళిస్తారు, ఆ అక్షరాలున్న మాటలు పిల్లలు చెప్పాలి. నమూనాకి నాలుగు రాసి పంపారు. ఏ, బి, సి మూడూ ఉన్న మాటలు. అచ్చులు ఐదూ ఉన్న మాటలు. అచ్చు ఒక్కటి కూడా లేనివి. క్యూ ఉండి దాని పక్కన యు రానివి. ఇవి కాక అప్పటికప్పుడు ఇచ్చేవి కూడా ఉంటాయంట.

డిక్షనరీ ముందేసుకుని ఇద్దరం కూర్చున్నాం. మొదటి అక్షరం తెలిస్తే పేజీ తిప్పొచ్చు. నడిమధ్యలో యాడో క్యూ ఉండే మాట ఏ పేజీలో ఉంటది? గంటన్నరకి పాప నిద్రపోయింది. నేను మొదటి అక్షరం 'ఏ' కూడా దాటలా. దీనికి పద్ధతేదన్నా ఉందా?

కావలి టు బెంగళూరు · 9:58

అన్నా, డిక్షనరీ తిప్పడమేంది, ఫోన్లో అరనిమిషం పని. వన్‌లుక్ అని ఒక సైటుంది. దాంట్లో ప్రశ్న గుర్తు పెడితే 'ఇక్కడ ఏదో ఒక్క అక్షరం' అని లెక్క. నక్షత్రం గుర్తు పెడితే 'ఇక్కడ ఎన్నయినా ఉండొచ్చు, అసలు లేకపోవచ్చు' అని. నక్షత్రం, క్యూ, నక్షత్రం కొట్టండి, క్యూ ఎక్కడున్నా బయటికొస్తుంది. ఐదక్షరాల మాటలో మూడోది ఎక్స్ అని తెలిసిందనుకోండి, రెండు ప్రశ్న గుర్తులు, ఎక్స్, మళ్ళీ రెండు. ఎక్సెల్‌లో వెతికే చోట కూడా ఇవే గుర్తులు.

నేనైతే లైనక్స్‌లో (విండోస్ మాదిరి కంప్యూటరుని నడిపే సాఫ్ట్‌వేర్) చేస్తా. చాలా లైనక్స్‌లలో వర్డ్స్ అనే ఫైలొకటి ఉంటుంది, వరసకొక మాట. గ్రెప్ అనే కమాండుతో క్యూ ఉన్న వరసలు లాగుతా. వచ్చినవాటిని మళ్ళీ గ్రెప్‌కే ఇచ్చి యు ఉన్నవి తీసెయ్ అంటా. జల్లెడ కింద జల్లెడ, అంతే. ఒకటే జాగ్రత్త, ఆ ఫైల్లో దేశాలూ ఊళ్ళూ కూడా కలిసుంటాయి. ఇరాక్‌లోనూ ఖతార్‌లోనూ క్యూ ఉంది, యు లేదు. కానీ పేర్లు పోటీలో ఒప్పుకోరు.

మైపాడు అల · 10:15

కావలి తమ్ముడూ, నీ రెండో జల్లెడలో బురఖా జారిపోయింది చూసుకో.

బి-యు-ఆర్-క్యూ-ఏ. యు ఉంది, కానీ క్యూ తర్వాత లేదు, ముందుంది. అన్న అడిగింది 'పక్కన యు రానివి'. నువ్వు ఇచ్చింది 'యు అసలే లేనివి'. రెండూ ఒకటి కాదు. పోటీల్లో మార్కులు పోయేది ఇట్టాంటి చోటే.

నేను పదేళ్ళుగా స్క్రాబుల్ (అక్షరాల బిళ్ళలు పేర్చి మాటలు కట్టే ఆట) ఆడతావున్నా, క్యూ చేతికొచ్చి యు రాకపోతే ఆ బాధ ఏందో నాకు తెలుసు. ఆటలో క్యూ బిళ్ళ ఒక్కటే, పది పాయింట్లు. చివరిదాకా చేతిలో మిగిలితే ఆ పది మనకే తగ్గిస్తారు. అందుకని ఆడేవాళ్ళందరూ యు లేని క్యూ మాటల్ని ముందు నేర్చుకుంటారు. పాప రాసుకోవాల్సినవి ఇవి: ఫకీర్ (ఎఫ్-ఏ-క్యూ-ఐ-ఆర్), నికాబ్ (ఎన్-ఐ-క్యూ-ఏ-బి), తలాక్ (టి-ఏ-ఎల్-ఏ-క్యూ), ఖాదీ అంటే ఖాజీ (క్యూ-ఏ-డి-ఐ), కిబ్లా (క్యూ-ఐ-బి-ఎల్-ఏ), ఖవ్వాలీ (క్యూ-ఏ-డబ్ల్యు-డబ్ల్యు-ఏ-ఎల్-ఐ). అన్నిటికన్నా చిన్నది చీ, ప్రాణశక్తి అనే చైనా మాట, రెండే అక్షరాలు: క్యూ-ఐ. కంప్యూటర్ వాళ్ళది ఒకటి, క్వెర్టీ, కీబోర్డు పై వరసలో మొదటి ఆరక్షరాలు.

ఫకీరు, బురఖా, తలాకు. రొట్టెల పండక్కి బారాషహీద్ దర్గాకి పోయొచ్చినవాళ్ళకి ఇవి కొత్త మాటలేం కాదు. అరబ్బీలో గొంతు లోపల్నించి పలికే క ఒకటుంది. దాన్ని ఇంగ్లీషులో రాయడానికి క్యూ వాడుకున్నారు. అందుకే యు తోడు అక్కర్లేకుండా వచ్చింది.

కావలి టు బెంగళూరు · 10:19

అక్కా, దెబ్బ కొట్టారు. ఒప్పుకుంటున్నా. 'క్యూ తర్వాత యు కానిది ఏదైనా, లేదా క్యూతోనే మాట ముగియాలి' అని అడగాల్సింది. తలాక్ లాంటివి చివర్లో ముగుస్తాయి గదా, ఆ రెండో సగం మర్చిపోతే అవీ పోతాయి.

ఒంగోలు గిత్త · 10:31

నాకు తెలిసిన క్యూ ఒకటే. దాంట్లో యు ఉండదు, నీడా ఉండదు. సినిమాహాలు దగ్గర ఉంటది.

కందుకూరు నాన్న · 10:34

అక్కా చాలా థాంక్స్, రాసుకున్నా. కావలి తమ్ముడు చెప్పిన సైటు కూడా చూశా, బాగుంది. కానీ పోటీలో ఫోను ఉండదు గదా. బల్లమీద కాయితం, పెన్సిలు, ఒక్కో ప్రశ్నకి రెండు నిమిషాలు. అప్పుడు బుర్రలో ఎట్టా వెతకాలి?

పొదిలి అయ్యవారు · 10:57

ఇదీ అసలు ప్రశ్న. ముప్పై ఒక్క సంవత్సరం హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యాను, కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

మొట్టమొదట అడిగినవాడు ఏమడిగాడో తేల్చుకోవాలి. 'ఏ, బి, సి ఉన్న మాట' అంటే మూడు అర్థాలు. మూడూ ఆ వరసలోనే పక్కపక్కన ఉండాలా? అట్టాంటిది ఇంగ్లీషులో బహు అరుదు. డాబ్‌చిక్ (డి-ఏ-బి-సి-హెచ్-ఐ-సి-కె) ఒకటుంది. చెరువులో బుడుంగున మునిగి ఇంకెక్కడో తేలే పిట్ట, మన బుడబుంగ. లేక వరస తప్పకుండా, మధ్యలో వేరే అక్షరాలొచ్చినా ఫరవాలేదా? అప్పుడు ఆంబులెన్స్ సరిపోతుంది: ఏ, తర్వాత బి, చివరికి దగ్గర సి. ఏరోబిక్ కూడా అంతే. లేక ఏ వరసలోనైనా సరేనా? అప్పుడిక కొదవ లేదు. బ్లాక్, బ్యాక్, క్యాబిన్, బీచ్, క్యాబేజీ, పిల్లలు ఊపిరి తిరక్కుండా చెప్తారు. అమ్మాయిని ముందు లేచి నిలబడి ఈ సంగతి అడగమనండి. అడిగితే తప్పేం లేదు, అడక్కపోతేనే నష్టం.

రెండోది. మాటని తల నుంచి వెతక్కండి, తోక నుంచి వెతకండి. డిక్షనరీ మొదటి అక్షరం వరసలో ఉంటుంది కాబట్టి మన బుర్ర కూడా అట్టానే అలవాటు పడింది. ఇంగ్లీషులో తరచూ వచ్చే తోకలు కొన్నే, వాటికి తగిలించుకునే తలలు వేలు. 1775లోనే జాన్ వాకర్ అనే ఆయన మాటల్ని చివరి అక్షరం నుంచి వెనక్కి వరసపెట్టి ఒక నిఘంటువు వేశాడు, ప్రాసలు కట్టేవాళ్ళ కోసం. మనకైతే ఇది వింత కాదు. పద్యం రాసేవాడెవడైనా రెండో అక్షరంతో మాట వెతుక్కోవాల్సిందే గదా, ప్రాస కుదరాలంటే.

అచ్చులు ఐదూ కావాలన్నారు. 'ఏషన్' తోక (ఏ-టి-ఐ-ఓ-ఎన్) తీసుకోండి. అందులోనే ఏ, ఐ, ఓ మూడూ ఉన్నాయి. ఇంక కావాల్సింది ఇ, యు రెండే. ఆ రెండూ ఉన్న తల ఏది? ఎడ్యుకేషన్. రెగ్యులేషన్. రెప్యుటేషన్. లెక్కల మాస్టారి ఈక్వేషన్. పరీక్ష పేపర్ల ఎవాల్యుయేషన్. ఒక్క తోకతో ఐదు. ఇప్పుడు 'ఐ-ఓ-యు-ఎస్' తోక పట్టుకోండి, ఏ, ఇ దొరికితే చాలు: ప్రికేరియస్, గ్రిగేరియస్, టెనేషియస్. ఫెసీషియస్ అని ఇంకోటుంది (ఎఫ్-ఏ-సి-ఇ-టి-ఐ-ఓ-యు-ఎస్), ఎగతాళిగా మాట్లాడేవాడని అర్థం. దాంట్లో అచ్చులు ఏ, ఇ, ఐ, ఓ, యు వరసలోనే వస్తాయి. జడ్జీలు దానికి ముచ్చటపడతారు. ఇవేవీ తట్టకపోతే కూరగాయల బజారుకి పొమ్మనండి, కాలీఫ్లవర్ ఉంది.

అచ్చు లేనివి అంటే వై ని అచ్చుగా లెక్కేస్తారో లేదో అదీ ముందే అడగాలి. వెయ్యరంటే జిమ్, మిత్, హిమ్, లింక్స్, క్రిప్ట్, జిప్సీ, రిథమ్. నోటికి అచ్చు వినపడుతూనే ఉంటుంది, కాయితం మీద మాత్రం కనపడదు. రిథమ్ స్పెల్లింగు (ఆర్-హెచ్-వై-టి-హెచ్-ఎం) రాయలేక ఎన్ని బ్యాచీలు తడబడ్డాయో నాకు తెలుసు.

ఉలవపాడు మామిడి · మంగళవారం ఉదయం 6:20

అంతా చదివా. ఒక్క మాట అడుగుతా, ఏమనుకోవద్దు. ఇదంతా దేనికి? పిల్లకి అర్థం తెలియని మాటలు ముప్పై బట్టీ పెట్టించి పోటీకి పంపితే అది ఇంగ్లీషా? కిబ్లా అంటే ఏందో ఆ పిల్లకి తెలుసా? నాలుగు కథల పుస్తకాలు చదివిస్తే అంతకన్నా ఎక్కువ వస్తుంది. అసలు ఖవ్వాలీ ఇంగ్లీషు మాట ఎట్టా అయిందో అర్థం కావడంలా.

మైపాడు అల · ఉదయం 7:05

పందికొక్కు ఇంగ్లీషు మాట అయినట్టే అయింది అన్నా.

నిజంగానే. బ్యాండికూట్ అనే మాటకి మూలం మన తెలుగు పందికొక్కేనని ఇంగ్లీషు డిక్షనరీలు రాసుకున్నాయి. దాన్ని ఆస్ట్రేలియా దాకా మోసుకుపోయి అక్కడ వేరే జంతువుకి తగిలించారు. పిట్ట అని ఒక జాతి పక్షులకి పేరుంది, అదీ మన పిట్టే. ఇంగ్లీషు ఎవడి దగ్గర ఏది దొరికితే అది తీసుకుని డిక్షనరీలో వేసుకునే భాష.

ఏ డిక్షనరీలో వేసుకుందీ అన్నదే చిక్కు. స్క్రాబుల్ పోటీల్లో ఆట మొదలు కాకముందే ఫలానా జాబితాలో ఉంటేనే మాట అని ఒప్పందం ఉంటుంది. కందుకూరు అన్నా, బళ్ళో ఏ డిక్షనరీ చూస్తారో ముందే కనుక్కోండి. ఖవ్వాలీ పెద్దవాటిలో ఉంది. జేబు డిక్షనరీల సంగతి నేను పూచీ పడను.

పొదిలి అయ్యవారు · ఉదయం 7:40

ఉలవపాడు వారు అన్నదాంట్లో సగం నిజం. అర్థం తెలియకుండా ఒక్క మాట కూడా రాసుకోవద్దు, కిబ్లా అంటే నమాజుకి తిరిగే దిక్కు అని చెప్పి రాయించండి. మిగతా సగానికి మాత్రం ఒప్పుకోను. కథ చదివేటప్పుడు పిల్ల కన్ను మాట మీద ఆగదు, జారిపోతుంది. ఆగి అక్షరాలు చూసే పని ఇట్టాంటి ఆటలే చేయిస్తాయి.

క్యూ సంగతే చూడండి. పాత ఇంగ్లీషులో క్వీన్ అనే మాటని సి-డబ్ల్యు-ఇ-ఎన్ అని రాసేవాళ్ళు. 1066లో ఫ్రెంచి మాట్లాడే నార్మన్లు ఇంగ్లండుని గెలిచాక, వాళ్ళ రాతగాళ్ళు తమ అలవాటు ప్రకారం సి-డబ్ల్యు బదులు క్యూ-యు రాయడం పట్టారు. ఈ కథ చెప్తే పిల్లలు ఆ స్పెల్లింగు జన్మలో మర్చిపోరు.

ఇంకోటి. ఇంగ్లీషు వాడు మాటని జె అక్షరంతో ముగించడు. ఏజ్, బ్రిడ్జ్ అన్నీ జి-ఇ పెట్టి ముగిస్తాడు. జె చివర ఉన్న మాట కనపడిందంటే అది మనవైపు నుంచో అరబ్బీ నుంచో పోయింది: రాజ్, తాజ్, హజ్, స్వరాజ్.

ఒంగోలు గిత్త · ఉదయం 8:02

ఈడ మా స్వరాజ్ ట్రాక్టరు నిలబడే ఉంది అయ్యవారూ, చివర జె ఉంది, చూసే చెప్తావున్నా. దాని వెనక రొటావేటర్ తగిలించా. దున్నేటప్పుడు నాకో సంగతి తట్టింది. ఆర్-ఓ-టి-ఏ-వి-ఏ-టి-ఓ-ఆర్. ముందునుంచి చదివినా వెనకనుంచి చదివినా రొటావేటరే. మన వికటకవి మాదిరి. చాలు పట్టి పోయినా, మడి చివర తిరుక్కుని వచ్చినా ఒకటే. కొందరు ఏ బదులు ఓ రాస్తారు, అప్పుడు చెడిపోతది.

పాత కంపోజిటర్ · మధ్యాహ్నం 2:10

నాకు టైపు చెయ్యడం నిదానం. పొద్దున్నించి చదువుతావున్నా.

నేను నెల్లూరులో ట్రంకురోడ్డు వెనక సందులో ఒక ప్రెస్సులో ఇరవై రెండేళ్ళు సీసం అక్షరాలు పేర్చినోణ్ణి. అక్షరాలు పేర్చక్కర్లేని ఆఫ్‌సెట్ ప్రింటింగ్ వచ్చి మా పని పోయింది. కేసు అంటే గళ్ళు గళ్ళున్న చెక్క సొరుగు. ఇంగ్లీషుకి రెండు కేసులు. పెద్దక్షరాలు పైన, చిన్నక్షరాలు కింద. ఇప్పుడు కంప్యూటరోళ్ళు అప్పర్ కేస్, లోయర్ కేస్ అంటారే, అది మా చెక్కపెట్టెల మాటే.

కింద కేసులో అక్షరాలు ఏ, బి, సి, డి వరసలో ఉండవు. గళ్ళు ఒక సైజులో కూడా ఉండవు. ఇ గడి అన్నిటికన్నా పెద్దది, చెయ్యి చాపితే తగిలేచోట ఉంటుంది. టి, ఏ, ఎన్, ఓ గళ్ళు దాని చుట్టూ. జె, క్యూ, ఎక్స్, జెడ్‌లవి అగ్గిపెట్టెంత, ఏ మూలో ఉంటాయి. కేసు చేయించినవాడు ఇంగ్లీషు భాషని తూకం వేసి గళ్ళు కోయించాడు. చేరిన మొదటి నెలలో నాకు ఇంగ్లీషులో ఒక్క ముక్క రాదు. అయినా ఏ అక్షరం ఎంత తిరుగుతుందో చేతికి తెలిసిపోయింది.

మాకు బాధ ఎక్కడంటే పెళ్ళిళ్ళ కాలంలో. ఇంగ్లీషు కార్డుల్లో పెద్ద డబ్ల్యులు చాలేవి కాదు. వెడ్స్, విత్, వెల్‌కమ్, అన్నిటికీ అదే. ముహూర్తాలు ఒకే వారంలో పడితే ఎం ని తల్లకిందులు చేసి పెట్టిన రోజులున్నాయి. కాళ్ళు నిటారుగా ఉంటాయి, పట్టిచూస్తే దొరికిపోతాం. ఏ పెళ్ళికొడుకూ పట్టిచూడలేదు.

పాపకి నేను చెప్పేది ఒకటే. మూడక్షరాలిస్తే వాటిల్లో చిన్న గడి అక్షరం ఏదో చూసి దాన్ని ముందు పట్టుకోమను. ఏ, బి, సి అడిగితే ఏ తో మొదలుపెడితే చేతులు నిండిపోతాయి గానీ పని కాదు. బి ని పట్టుకుని దానికి సి కలపాలి, ఏ తనంతట తనే వచ్చి కూర్చుంటుంది.

మైపాడు అల · 2:45

పెద్దాయనా, మీ పోస్టు రెండుసార్లు చదివా. స్క్రాబుల్ కనిపెట్టిన ఆల్ఫ్రెడ్ బట్స్ అమెరికాలో 1930ల్లో పత్రికల మొదటి పేజీల్లో అక్షరాలు లెక్కపెట్టి బిళ్ళలు ఎన్నెన్ని ఉండాలో తేల్చాడు. వంద బిళ్ళల్లో ఇ పన్నెండు. మామూలు ఇంగ్లీషు రాతలో కూడా ఇ వాటా నూటికి పన్నెండు చిల్లర. ఎస్ మాత్రం నాలుగే, లేకపోతే ప్రతి మాటకీ చివర ఎస్ తగిలించి బహువచనాలతో ఆట నడిపేస్తారు.

మీ చెక్క కేసు అంతకన్నా ముందుది. మోర్స్ దగ్గర పనిచేసిన ఆల్ఫ్రెడ్ వెయిల్ కూడా టెలిగ్రాఫు కోడు కోసం అక్షరాల లెక్క ప్రెస్సు కేసు చూసే తీసుకున్నాడు. ఏ గడిలో ఎన్ని సీసం అక్షరాలున్నాయో చూసి, ఎక్కువున్నవాటికి పొట్టి గుర్తులిచ్చాడు.

తంతి గుమాస్తా · 3:30

ఆ ముక్క నేను చెప్తా. ఇ అంటే ఒక్క చుక్క. టి అంటే ఒక్క గీత. క్యూ అంటే గీత, గీత, చుక్క, గీత. 2013లో టెలిగ్రాములు ఆపేశారు, నా వేలు ఇంకా ఆపలేదు. బస్సులో కూర్చుంటే ఎదురు సీటు మీద కొడతావుంటా.

మార్కాపురం పలక · రాత్రి 8:12

ఇన్ని మాటల్లో వర్డిల్ ఊసు ఎవరూ ఎత్తలేదేంది? జాష్ వార్డిల్ అనే ఆయన 2021లో బయటపెట్టిన ఆట, తర్వాతి జనవరిలో న్యూయార్క్ టైమ్స్ కొనుక్కుంది. దాచిపెట్టిన ఐదక్షరాల మాటని ఆరు ప్రయత్నాల్లో కనుక్కోవాలి, మనం వేసిన అక్షరాల్లో ఏవి సరిపోయాయో గళ్ళ రంగులే చెప్తాయి. రోజూ పొద్దున్నే ఒకటి ఆడించండి, ఇదే కసరత్తు.

మొదటి ప్రయత్నానికి చాలామంది వేసే మాట స్లేట్. ఎస్-ఎల్-ఏ-టి-ఇ, ఐదూ పెద్ద గడి అక్షరాలే, కంపోజిటర్ గారి లెక్కన. మా ఊళ్ళో పుట్టినవాడు మొదటి అక్షరం దేనిమీద దిద్దుతాడు, పలక మీదే గదా! ఇంకో సంగతి, ఆ ఐదక్షరాలే అటూ ఇటూ మార్చితే స్టీల్ అంటే దొంగతనం, స్టేల్ అంటే పాచిపోయింది, లీస్ట్ అంటే అన్నిటికన్నా తక్కువ, టేల్స్ అంటే కథలు.

కావలి టు బెంగళూరు · 8:40

ఇట్టా అక్షరాలు మార్చితే వచ్చే మాటల్ని కంప్యూటరుతో పట్టే కిటుకు ఒకటుంది, నాకు చాలా ఇష్టం. ప్రతి మాటలోని అక్షరాల్ని ఏ నుంచి జెడ్ వరసలో సర్దేస్తాం. లిసన్ అయినా సైలెంట్ అయినా సర్దాక ఇ-ఐ-ఎల్-ఎన్-ఎస్-టి. అంటే రెండిటికీ ఒకే ఇంటిపేరు వచ్చింది. ఇంటిపేరు ఒకటైనవన్నీ ఒక గదిలో వేస్తే చాలు, ఎన్‌లిస్ట్, టిన్సెల్ కూడా అదే గదిలో దొరుకుతాయి. పాప పెన్సిలుతో కూడా చెయ్యొచ్చు.

అవధానప్రియుడు · 9:25

చదువుతుంటే నాకు నవ్వొస్తావుంది. వర్డిల్‌లో బూడిదరంగు గడి అంటే 'ఈ అక్షరం వాడకూడదు' అని. మన అవధానంలో నిషిద్ధాక్షరి అదేగదా! అవధాని ఒక్కో అక్షరం చెప్పగానే పృచ్ఛకుడు తర్వాత రాబోయే అక్షరాన్ని ఊహించి అది వద్దంటాడు. పచ్చరంగు గడి అంటే 'ఈ స్థానంలో ఈ అక్షరం'. అది వ్యస్తాక్షరి. పదకొండో అక్షరం ఫలానా, మూడో అక్షరం ఫలానా అని వరస తప్పించి చీటీలిస్తారు, అవధాని అన్నీ గుర్తుపెట్టుకుని చివర్లో వాక్యం మొత్తం చెప్తాడు. పసుపు గడి అంటే 'ఎక్కడో ఒకచోట ఇది రావాలి'. దత్తపదికి దగ్గర, కాకపోతే అక్కడిచ్చేది అక్షరం కాదు, మాట.

తేడా ఏందంటే వర్డిల్‌లో ఎదుటివాడు మాట ముందే పెట్టుకుని కూర్చుంటాడు. నిషిద్ధాక్షరిలో అట్టాంటి మాటే లేదు. పృచ్ఛకుడు మూసేకొద్దీ అవధాని పక్కదారి వెతుక్కోవాలి. ఇంగ్లీషులో మొత్తం ఇ అక్షరాన్నే నిషేధించుకుని యాభైవేల మాటలకి పైగా నవల రాసినాయన ఉన్నాడు, ఎర్నెస్ట్ విన్సెంట్ రైట్, 1939లో. అన్నిటికన్నా పెద్ద గడిని మూసేసి పేర్చడమన్నమాట.

పాత కంపోజిటర్ · 9:50

ఆ పుస్తకం కంపోజింగు నాకిస్తే ఎంత బాగుండేది. ఇ గడిలో మధ్యాహ్నం టిఫిన్ పెట్టుకునేవాణ్ణి.

కందుకూరు నాన్న · బుధవారం రాత్రి 10:05

అందరికీ దణ్ణాలు. కొట్టు కట్టేసి వచ్చి రోజూ పాపకి చదివి వినిపిస్తున్నా. చిన్న గడి అక్షరం ముందు పట్టుకోవడం బాగా పట్టుబడింది. నిన్న కొట్టుకొచ్చిన ఒకాయన చొక్కా మీద లేబులు చూసి 'ఎక్స్-ఎల్' అంటే 'ముందు ఎక్స్ ని పట్టుకో నాన్నా' అంది. రొటావేటర్ మాట వాళ్ళ క్లాసులో అందరికీ చెప్పొచ్చిందంట. వాళ్ళ అమ్మ మాత్రం ఇంట్లో అన్నం మానేసి అక్షరాలు తింటున్నారు అంటావుంది.

మైపాడు అల · 10:11

డిక్షనరీ ఏదో అడిగారా అన్నా?

కందుకూరు నాన్న · 10:13

రేపు అడుగుతా అక్కా.

కందుకూరు నాన్న · శనివారం రాత్రి 8:50

అయిపోయింది. రెండో స్థానం!

ఏ, బి, సి ప్రశ్న రాగానే మా పిల్ల లేచి 'పక్కపక్కనా, వరసలోనా, ఎట్టయినా సరేనా' అని అడిగిందంట. అడిగేవాళ్ళకే ఆలోచన లేదంట, ఇద్దరు మాస్టర్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని 'ఎట్టయినా సరే' అన్నారంట. అయ్యవారూ, మీకు పాదాభివందనం. అచ్చులైదుకి ఏషన్ తోకతో ఆరు చెప్పింది, మీరు చెప్పిన ఐదు కాక పర్‌సుయేషన్ సొంతంగా పట్టుకుంది. కానీ అది 'ఏ-ఎస్-ఐ-ఓ-ఎన్' తోక అని ఇంటికొచ్చాక చెప్పింది, నాకైతే తేడా తెలియలా.

అప్పటికప్పుడు ఇచ్చినవాటిలో ఎక్స్, వై రెండూ ఉన్న మాటలు అడిగారు. ఎక్స్ ని పట్టుకుని సిక్స్‌టీ, ఆక్సిజన్, గెలాక్సీ, ప్రాక్సీ. తర్వాత యు రెండుసార్లు పక్కపక్కన వచ్చే మాట అడిగితే ఎవరికీ తట్టలేదంట. మా పాప వాక్యూమ్ అంది. మా కొట్లో వాక్యూమ్ క్లీనరు పెట్టె మీద చదివిందంట, మూడేళ్ళుగా ఆ పెట్టె అటకమీదే ఉంది.

పోయింది ఎక్కడంటే ఖవ్వాలీ దగ్గర. వాళ్ళ చేతిలో ఉన్న చిన్న డిక్షనరీలో లేదని కొట్టేశారు. ఒక్క మార్కు తేడాతో మొదటిది పోయింది. గురువారం కొట్లో సరుకు దిగింది, డిక్షనరీ సంగతి అడగడం మర్చిపోయా. అల అక్క మూడుసార్లు చెప్పింది గదా అని పాప నా మీదే పడింది.

మైపాడు అల · 9:02

రెండుసార్లే చెప్పా. పాపకి నా తరఫున చప్పట్లు. ఆ ఒక్క మార్కు నేను ఇచ్చేశా, రాసుకోమనండి.

ఉలవపాడు మామిడి · 9:15

శుభం. కిబ్లా అంటే ఏందో తెలుసా అని అడిగారా?

కందుకూరు నాన్న · 9:18

అడిగా. చెయ్యి పెట్టి దిక్కు కూడా చూపించింది. ఆ దిక్కు కరెక్టో కాదో నాకు తెలియదు.

ఇప్పుడు మీ అందరికీ పాప ప్రశ్న. 'ఐదక్షరాల ఇంగ్లీషు మాట. మొదటి అక్షరం తప్ప మిగతా నాలుగూ అచ్చులే. ఆ నాలుగూ తీసి పారేసినా పలకడంలో ఏం తేడా రాదు.' ఫోను చూడకుండా చెప్పాలంట.

కావలి టు బెంగళూరు · 9:21

ఫోను చూడకుండా అంటే ఫోన్లో ఎట్టా చెప్పాలమ్మా!

పాత కంపోజిటర్ · 9:40

చిన్న గడి అక్షరం ఒక్కటి, పెద్ద గడివి నాలుగు. ఆలోచిస్తావున్నా.

ఒంగోలు గిత్త · ఆదివారం ఉదయం 6:48

తెల్లారి నాలుగింటి నుంచి యూరియా కోసం దాంట్లోనే నిలబడి ఉండా. నా ముందు ముప్పై మంది. ముందున్నోడు కదిలితే మిగతా నలుగురూ కదులుతారు, లేకపోతే ఊరికే నిలబడి ఉంటారు. క్యూ తల్లీ, క్యూ.